మూడు నిమిషాలు బాకీ

లీలామహల్ సర్కిల్ నుంచి లోపలికి తిరిగే సందులో
చెంగల్రాయులు ఎస్టీడీ బూతుకి
రెండు కంప్యూటర్లు వచ్చిన ఏడు అది.
చెప్పులు బయటే విడవాల, గుడికి మాదిరి.
ఏసీ లేదు. ఉండాదని బోర్డు మాత్రం ఉండాది.

గంటకి నలభై.
ఇద్దరి దగ్గరా కలిపి నలభై ఐదు.
అరగంట నాకు, అరగంట రెడ్డెమ్మకి,
మధ్యలో ప్లైవుడ్డు.

లైను కలిసేటప్పుడు
తుప్పుబట్టిన బోరింగు కొట్టినట్టు ఒక అరుపు.
"పలకతా ఉండాదిలే, కూచోండమ్మా," అన్నాడు.
ఊపిరి బిగబట్టి కూచున్నాం,
పేపర్లో పరీక్ష నంబరు వెదికేటప్పటి మాదిరి.

ఎవరికి రాయాల?
మాకు తెలిసినోళ్ళలో ఆ అడ్రసు ఉండేది ఇద్దరికే.
నాకూ, ఆమెకూ.
అదీ పది నిమిషాల నుంచి.

"బాగుండావా?" అని రాసినా.
మూరెడు దూరానికి
ఏ సముద్రాలు చుట్టి పోయిందో ఆ మాట,
నాలుగు నిమిషాలు పట్టింది.
"పక్కనే ఉండా గదా మే"
అని జవాబు రాకముందే
ఆమె నవ్వు ప్లైవుడ్డు మీదుగా వచ్చేసింది.

తెలుగు అక్షరాలు లేవు ఆ పెట్టెలో.
ఇంగ్లీషు గుడ్డలు తొడిగి పంపినాం మాటల్ని.
కళ్ళు మండతాండాయి అని నేను రాస్తే
కల్లు అని చదువుకొని
"ఎవురు తాగినారు మే?" అని అట్నించి అరిచింది.
చెంగల్రాయులు దగ్గినాడు.

తర్వాత ఆ పక్క నవ్వు లేదు.
ఒక్కో మీట వెదికి నొక్కే చప్పుడు,
బియ్యంలో రాళ్ళు ఏరి పళ్ళెంలో వేసినట్టు,
చాలాసేపు.
నాకు చేరింది ఒక ముక్కే:
"నీకొకటి చెప్పాల. నోటితో చెప్పలేను.
ఇంకోటి రాస్తా ఉండా, ఉండు."

ఉన్నా.
కరెంటు పోయింది.

చీకట్లో ప్లైవుడ్డుకి అటు ఆమె, ఇటు నేను.
"ఏంది మే అది?"
"ఏం లేదులే, పద."
కొవ్వొత్తి పెట్టుకొని చెంగల్రాయులు నోటుబుక్కులో రాసుకున్నాడు:
యూనివర్సిటీ ఆడపిల్లకాయలు, మూడు నిమిషాలు బాకీ.

మిగిలిన ఐదు రూపాయలకి బటాణీలు కొన్నాం.
బస్సులో కిటికీ పక్క కూచోని
అన్నీ నాకే పెట్టింది.

ఇప్పుడా కొట్లో ఫోన్లకి కవర్లు అమ్మతారు.
రెడ్డెమ్మ రోజూ పొద్దున్నే మందారం బొమ్మ పంపతాది,
నాలుగు నిమిషాలు కాదు, రెప్పపాటు పట్టదు.
నేనూ ఒక పువ్వు పంపతా.
అడగను.

ఆ సందులోకి తిరిగితే మాత్రం
కాళ్ళు ఇప్పటికీ
చెప్పులు విడవబోతాయి.