నాలుగో తెర

వాగా వాగా.
ఆస్ట్రేలియాలో ఊరి పేరు ఇది. మన చెవికి ప్రశ్నలా ఉంటుంది:
వాగా? వాగా?
కాదు, నది. మర్రంబిడ్జీ.
గ్యాలరీ వెనక మట్టిరంగులో
ఎవరికీ జవాబు చెప్పక్కర్లేనట్టు పోతుంటుంది.

నాకు అప్పగించింది మూడు రోజుల పని.
ఆరు ప్రొజెక్టర్లు, పదకొండు స్పీకర్లు,
ఎవరి కాలికీ తగలకుండా
నూట నలభై మీటర్ల కేబులు.
బొమ్మల సంగతి తెలీదు, ఓల్టుల సంగతి తెలుసు
అని మొదటిరోజే చెప్పేశాను.

టెగన్ నవ్వి
పాసమ్ తోళ్లు కలిపి కుట్టిన దుప్పటి నా భుజాల మీద వేసింది.
లోపలి వైపు కాల్చి గీసిన నది వంపులు.
మెడ దగ్గర గోరంత స్పీకరు.
కప్పుకున్నవాళ్లకే వినపడుతుంది:
నీళ్లలోకి దూకిన చప్పుడు, పిల్లల కేకలు,
ఎవరో ఎవర్నో అన్నానికి పిలవడం.
"బరువుందా?" అంది.
ఉంది.
"ఎక్కడ?" అంది.
చెప్పలేకపోయాను.

బ్రెంటన్‌తో మాత్రం గొడవే.
పాత టీవీల్లో నది ఇసుక పోస్తానంటాడు.
వార్తలు చదివేవాడి పెదాల దాకా ఇసుక.
ఇసుకా కరెంటూ పక్కపక్కన కుదరవు,
రూలు ఉందని కాగితం చూపించాను.
"మా నీళ్లు పట్టుకుపోయినవాళ్లూ
కాగితమే చూపించారు" అన్నాడు.
మధ్యలో అద్దం పెట్టి రాజీపడ్డాం.
అద్దం డబ్బులు ఇంకా రాలేదు.

గోడకి ఏడు ఫోన్లు, వేలితో తిప్పే రకం.
ఎత్తితే విరాడ్జురీ మాట ఒకటి పలుకుతుంది,
తిరిగి అనేదాకా వదలదు.
గవర్నమెంటు ఆఫీసరొకాయన తొమ్మిదిసార్లు ప్రయత్నించాడు.
నేనెత్తాను: యిందియమర్రా.
కర్రలో, బుర్రలో, గొర్రెలో ఉన్న ర్ర
నా నాలుక మీద ముందే ఉంది.
మొదటిసారికే లైను కలిసింది.
గౌరవం, అని గోడ మీద అర్థం రాశారు.
మెల్లగా చెయ్యడం కూడా అందులోనే ఉందట,
అది టెగన్ చెప్పింది,
నేను నిచ్చెన దబదబా దిగుతుంటే.

ఇక నాలుగో తెర.
పెద్దావిడ చేతులు, తుంగ పోచలు, బుట్ట అల్లిక.
నలభై నిమిషాలు. ముఖం చివర్లో ఒక్కసారి,
ఎవరో జోకు వేసినట్టు ఇటు తిరుగుతుంది.
ఆవిడ పేరు ఈ కాగితం మీద ముందు రాశాను.
ఇప్పుడు కొట్టేశాను.

ప్రదర్శన మొదలైన ఐదోనాడు
తెల్లారకముందే టెగన్ ఫోను.
ఆంటీ, అంది. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.
ఆపాలి, అంది. వాళ్లవాళ్లు మళ్లీ చెప్పేదాకా.

మా ఇళ్లలో పోయినవాళ్ల ఫోటో ముందు
చిన్న ఎర్రబల్బు పెడతాం, రాత్రంతా వెలుగుతుంది.
చిన్నప్పుడు మా తాత ముందు పెట్టిన బల్బే
నేను చేసిన మొదటి వైరింగు.
ఇక్కడ ఆర్పడం మర్యాద.

రిమోటు నొక్కితే చాలు.
కానీ నొక్కినా ఎర్రచుక్క ఒకటి మిగులుతుంది కదా.
నిచ్చెన తెచ్చుకుని, ఎక్కి,
మెల్లమెల్లగా ప్లగ్గు పీకాను.
గోడ మీద పేరున్న అట్ట తీశాను.
జిగురు మరక పోలేదు. గోకలేదు.

మధ్యాహ్నం ఎవరో అడిగారు:
"ఇది పాడైందా?"
లేదండీ, పనిచేస్తోంది.

తెర కింద బల్ల మీద
ఆవిడ సగం అల్లి వదిలేసిన బుట్ట.
పోచలు ఎండితే విరుగుతాయట,
తడిగుడ్డ కప్పి ఉంచాలి.
నా మూడు రోజుల పని ఎప్పుడో అయిపోయింది.
పొద్దున్నే తలుపు తీసే కుర్రాడు
నన్నెందుకొచ్చావని అడగడు.
గుడ్డ తడిపి, పిండి, మళ్లీ కప్పుతాను.
చెయ్యి ఆరేదాకా
ఏ స్విచ్చూ ముట్టుకోను.