మరకల పంచాంగం

పొందూరులో మా గుడికి పీఠం గుడ్డ ఒక్కటే.
ఊదాకొకటి, ఎరుపుకొకటి, ఆకుపచ్చకొకటి
పట్నం గుళ్ళలో ఉంటాయట. మాకు తెలుపే.
అదీ మా నాయనమ్మ వడికిన నూలు,
కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి,
చూపు ఆనని పోగు తీసి.

జ్ఞానస్నానం దస్త్రంలో ఆమె మార్తమ్మ.
వీధిలో కేకేస్తే పలికేది పైడమ్మ.

ఏడాది ఆగమన కాలంతో మొదలని ఫాదరు చెబుతారు.
ఆమె లెక్కలో మైనంతో మొదలు.
క్రిస్మస్ నడిరేయి పూజ, నిద్రమత్తులో
పిల్లలు వంచేసిన కొవ్వొత్తులు.
"గోకకే గుంటా, పోగు లేచిపోద్ది" అనీసి
పాత పేపరు పరిచి బొగ్గుల ఇస్త్రీపెట్టె ఆనించేది.
మైనం పేపరులోకి దిగి
ఏదో ఊరి ఎన్నికల వార్త నూనె పట్టి మెరిసేది.

మంచుకి తడిసిన కాగితపు నక్షత్రం
కార్చిన గులాబి రంగు: ముగ్గురు రాజుల పండగ.

తర్వాత బూడిద.
నిరుడు గోడకి గుచ్చిన మట్టలే ఈ ఏడు బూడిద.
నుదుటి నుంచి నుదుటికి పోతూ ఫాదరు బొటనవేలు
ఎక్కడో గుడ్డ అంచుకి తగిలేది.
ఆ దస్త్రం మొదటి పేజీలో పదమూడు పేర్లు,
పైన ధాత సంవత్సరం, కరువు.
గంజి కిరస్తానీలని ఊరు నవ్విందట.
నాయనమ్మ కాదనేది కాదు:
"ఆకలేసింది. గంజి పోసినోడి పేరేటని అడిగినారు.
అడిగితే తప్పేటి?"

మట్టల ఆదివారం ఈతాకు పసరు.
గురువారం ద్రాక్షరసం, ఉప్పు రాస్తే సగం పోయేది.
శుక్రవారం పీఠానికి గుడ్డ ఉండదు.
ఆ రోజు అది మా దండెం మీద.
కోడిని అదిలించినా గొంతు పెంచేది కాదామె,
రాట్నం ముట్టేది కాదు.
గాలొస్తే గుడ్డ లేచేది, పడేది.
నేను కిందనుంచి దూరబోతే రెక్క పట్టి లాగింది ఒకసారి.
ఎందుకో చెప్పలేదు.

పాస్కా మంట నుంచి ఎగిరిన నిప్పురవ్వ
శనివారం రాత్రి బియ్యపుగింజంత కన్నం చేసింది.
ఆరిపోయే దీపం దగ్గర ఆమె రఫ్ చేసింది.
తెల్లారి గంట మోగేసరికి గుడ్డ పీఠం మీదుంది,
కన్నం లేదు,
కన్నం ఉన్నచోట సూది గుచ్చుకున్న వేలి చుక్క ఉంది.

ఆ మీదట నెలల తరబడి సామాన్య కాలం.
గబ్బిలాల పని, పెంకుల సందు చినుకు,
పంద్రాగస్టున మరియమ్మ మోక్షారోపణ పండగా
జెండా పండగా కలిసొచ్చి
ఎవడో పిల్లాడు పీఠానికి అంటించిన చాక్లెట్.
తుఫాను ఏడాది గుడ్డంతా బురదే.
గెడ్డలో మూడుసార్లు జాడించి
"వరద ఏ పండగలో నెక్కెయ్యాలి నాయనా?" అని
నీళ్ళనే అడిగింది.
నవంబరు రెండున సమాధుల మీది బంతిపూల పసుపు.

ఆమె పోయింది ఒక మంగళవారం,
ఏ పునీతుడి పేరూ లేని రోజు చూసుకుని.
పెట్టె మీద పీఠం గుడ్డ కప్పుదామన్నారు ఫాదరు.
"అది ఆయనది, నాకెందుకు" అని
ముందే చెప్పి పెట్టింది. నేత చీరే కప్పాం.

ఇప్పుడు గుడ్డ నా చేతికొచ్చింది.
కుంకుడు నురుగులో ఏడాదినంతా ముంచుతాను,
మైనం, బూడిద, పసరు, పసుపు.
చుక్క ఉన్న మూల మాత్రం
నీళ్ళకి పైన పట్టుకుంటాను.
చెయ్యి లాగుతుంది.
ఫాదరు కొత్తవారు, ఇంకా గమనించలేదు.