మంచుదారి పట్టిక

మంచుదారి పట్టికను తీసేయమని
సోమవారం ఒక టికెట్ వచ్చింది.
కారణం అన్న గడిలో ఒకటే ముక్క:
"దారి లేదు."

దారి అంటే సముద్రమే.
జనవరిలో గడ్డకట్టాక
హాప్సలు గట్టు నుంచి దీవి దాకా
జునిపర్ కొమ్మలు పాతి గీసిన గీత.
బండికీ బండికీ మధ్య పావు కిలోమీటరు.
సీటు బెల్టు పెట్టుకుంటే తప్పు,
మునిగేవాడు ముందు తలుపు తీయాలి కదా.
ఏ బండి ఎప్పుడు దిగింది, ఎప్పుడు ఒడ్డెక్కింది,
పన్నెండు చలికాలాల వరసలు.
ఆఖరి వరసకి ఏడేళ్లు.

రాత్రి పదకొండుకి, టాలిన్‌లో,
బ్యాకప్ తీసి, రెండుసార్లు చూసుకుని
డ్రాప్ టేబుల్ అన్నాను.
సెకనులో ఇరవయ్యో వంతు.
టీ డబ్బా మూత తీయడానికి
అంతకన్నా ఎక్కువ పట్టింది నాకు.

ప్రైమరీ తానా అంటే
రెప్లికా తందానా అనాలి.
దాని బతుకంతా అంతే.
హాప్సలు యంత్రం ఆ రాత్రి అనలేదు.

ఎర్రటి అక్షరాల్లో చెప్పింది:
ఈ పట్టికను తీయడం కుదరదు,
దీన్ని పట్టుకుని ఇంకొకటి ఉంది,
దాని పేరు "మందం".

మందం నా దగ్గర లేదు.
ఎన్నడూ లేదు.

వెనకబాటు నలభై సెకన్లు. మూడు వందలు. వెయ్యి.
ఆగిన ఆ ఒక్క మాట వెనక
రేపటి ఫెర్రీ టికెట్లు, పాల లారీలు,
ఎవరిదో రద్దయిన సైకిలు బుకింగు,
అన్నీ వరసలో, హారన్ కొట్టకుండా.

రైనో మెసేజ్ పెట్టాడు:
"ఆ ఒక్కటీ దాటించేసి పడుకో, పిరెట్."
కర్ర విరగదు, పాము చావదు.
కానీ ఈ ఒడ్డున చచ్చిన పట్టిక
ఆ ఒడ్డున బతికే ఉంటుంది.
ఎప్పుడో ఎవరో అదే పేరుతో కొత్తది కడితే
"ఇప్పటికే ఉంది" అని మళ్లీ మొండికేస్తుంది.
అప్పుడు రైనో ఉండడు, నేనుంటాను.

తీగ లాగాను.
రెప్లికాలో రాతకు తాళం లేదు,
ఏ మరమ్మతు రోజునో తీసి
మళ్లీ వేయడం మరిచారు.
కట్టినవాడు వెల్లో కుస్క్.
డ్రిల్లుతో మంచుకి బెజ్జం పెట్టి
కొలకర్ర దించిన మనిషి.
పింఛను మొదలయ్యాక కూడా
అతని లాగిన్ ఎవరూ తీయలేదు.

తెరిచాను.
ప్రతి వరసకీ ఒకటే ముడి,
దారి దాటిన ఆఖరి బండి నంబరుకి.
జనవరి తొమ్మిది: నాలుగు సెంటీమీటర్లు.
జనవరి పది: మూడు.
తర్వాత సున్నా.
సున్నా. సున్నా, గాలి.
ఏడు చలికాలాల పాటు సున్నాలు,
ఒక్క రోజూ తప్పకుండా.
ఆఖరిది నిన్నటిదే.

పన్నెండున్నరకి ఫోన్ చేశాను.
మెలకువగానే ఉన్నాడు.
"అక్కడ ఎవరూ రాయరు కదా,
ఎవరికీ అడ్డు కాదనుకున్నాను.
నా వల్ల ఫెర్రీ ఏమైనా ఆగిందా?"
లేదన్నాను.
"అయితే తీసెయ్. కాగితం ఉంది నా దగ్గర."

సున్నాలన్నీ ఒక ఫైలులోకి దించాను.
ముడి విప్పాను, మందాన్ని తీశాను,
రాతకు తాళం వేశాను.
మళ్లీ మొదలుపెట్టమన్నాను.
పాల లారీలు కదిలాయి.
ఐదు వేల సెకన్లు, నాలుగు వందలు, పదకొండు,
తెర మీద కూడా సున్నా.

తెల్లారుజామున కొత్త టికెట్ రాశాను.
ప్రైమరీలో ఒక పట్టిక కావాలి, పేరు మందం,
దేనికీ ముడి వద్దు.
కారణం అన్న గడిలో చాలాసేపు ఏమీ తోచక
"కొలుస్తున్నారు" అని పెట్టాను.

ఆమోదం ఇంకా రాలేదు.
బుధవారం వెల్లో
గళ్ల కాగితం ఫోటో పంపాడు:
నీళ్లు. పడమటి గాలి.
హంసలు పదకొండు.