పదకొండో అర్జీ

నా జెరాక్సు మిషనుకి ఈ అర్జీ నోటికొచ్చేసింది.
మూత తెరవకముందే
"గౌరవనీయులైన కమిషనర్ గారికి" అని గొణుగుతుంది.

హంద్రీ గట్టు కింద మా వీధి.
వీధి కొసన కార్పొరేషన్ యార్డు.
గేటుకు తాళం నిండుగా ఉండాది,
గోడే సగం లేదు.

లోపల చక్రాల్లేని నీళ్ల ట్యాంకరు,
దాని కడుపులో కుక్క నాలుగు ఈతలు ఈనింది.
తారు డ్రమ్ములు ఎండకు కక్కుకుంటాయి,
మా మేకపిల్ల అందులోనే కాళ్లంటుకుని చచ్చిపోయింది.
వరదొచ్చిన ఏడు మా ఇండ్లల్లోంచి ఎత్తిన బురద
ఇంకా అక్కడే, రాయి మాదిరి,
అందులోంచి ఎవరిదో తలుపు రెక్క
ఇంటికి తీసకపొమ్మన్నట్టు.

ఉసేనమ్మ కొడుకుకి డెంగీ వచ్చినాక
మొదటిది రాసినాం.
రాసింది తొమ్మిదో తరగతి షాహీనా.
దాని అక్షరాలు ముత్యాలు కావు, ఇటుకలు,
ఒకటి మీద ఒకటి, కదలవు.
సంతకాలు ముప్పై రెండు, వేలిముద్రలు పదకొండు.
ఉరుకుందు వేలికి సిరా అక్కర్లేకపోయింది,
యార్డు గోడెక్కి అప్పుడే దిగినాడు,
తారుతోనే ఒత్తినాడు.

సోమవారం. క్యూ. రశీదు.
ఇంకో సోమవారం.
రశీదులు మద్దిలేటి టీ అంగట్లో కమ్మీకి గుచ్చినాం,
రెండేండ్లకు తొమ్మిది.
"ఆ యార్డు మాది కాదు, ఆరోగ్య విభాగం వాళ్లది."
"మాదెట్లయితాదప్పా, ఇంజనీర్లది."
దోమలు మాత్రం
ఏ విభాగమో అడక్కుండా కుట్టినాయి.

పదో అర్జీకి ఖైరున్‌బీ ఒక్కతే పోయింది.
సంచిలోంచి సీసా తీసి సారు బల్ల మీద పెట్టింది,
యార్డు నీళ్లు, లోపల పురుగులు ఈదుతుంటే,
"మీ పిల్లలు సార్ ఇవి,
మా ఇంట్లో పెరుగుతుండాయి, తీసుకోండి" అన్నదంట.

ఆ బుధవారమే జేసీబీ వచ్చింది.
పెండ్లి చూసినట్టు మిద్దెలెక్కి చూసినాం.
కంపచెట్లు వేళ్లతో సహా లేచినాయి.
పొద్దుగూకే యాళకు
కంప కిందినుంచి పైపులు బయటపడ్డాయి,
ఇనుపవి, నలభై దాకా.
ఒక్కొక్కదాని నడుమున తెల్ల రంగుతో
మా వీధి పేరు.

ఎవరూ మాట్లాడలా.
"మీ లైనుకు పైపులు రాలేదమ్మా" అని
పన్నెండేండ్లు విన్న చెవులు మావి.
బిందె సైకిలుకు కట్టుకుని
పక్క వార్డు కొళాయి కాడ తిట్లు తిన్న పన్నెండేండ్లు.
ఉసేనమ్మ గోడ దాటి పోయింది.
ఒక పైపులోకి వంగి
తన పేరు తనే పిలిచింది.
అవతలి కొస నుంచి ఉసేనమ్మే పలికింది.

ఈ పొద్దు గురువారం. పాత ఇనుము లారీ వచ్చింది.
గేటుకు అడ్డం కూర్చున్నాం.
డ్రైవరు నవ్వినాడు,
"ఏమప్పా, తీసెయ్యమన్నది మీరే గదా?"
ఏఈ సారు తల పట్టుకున్నాడు,
"తియ్యమంటారా, వద్దంటారా?
ఏదో ఒకటి రాసియ్యండి."

అందుకే ఈ పదకొండోది.
షాహీనా ఇప్పుడు ఇంటరు.
ఇటుకలు కొంచెం వాలినాయి గానీ గోడ గోడే.
"అయ్యా, యార్డు శుభ్రం చేయండి.
పైపుల్ని మాత్రం చెత్తలో వేయొద్దు,
మట్టిలో వేయండి,
మా గడపల ముందర, మూడడుగుల లోతున."

మిషను వేడెక్కింది.
ఈసారి గొణగలేదు,
కొత్త మాటలు గదా, నేర్చుకుంటా ఉంది.
నలభై మూడు నకళ్లు. డబ్బులు రాసుకోలా.

గేటు కాడ లారీ ఇంజను ఆపినాడు డ్రైవరు.
మద్దిలేటి వానిక్కూడా టీ పంపినాడు,
ఖాతా మా వీధి పేరున.