నాలుగో పేజీ

బీఏ రెండో ఏడు. మా గ్రూపులో ఏడుగురం.
ఆంత్రోపాలజీ అంటే ఏమిటని
ఫీజు కట్టించుకునే గుమస్తా ఇప్పటికీ అడుగుతాడు,
రసీదు మీద "ఆంత్ర" అని రాసి చుక్కలు పెడతాడు.
మా పెదనాన్న మాత్రం తేల్చేశాడు:
మనుషుల్ని చదవాలంటే పంటు ఎక్కి కూర్చోవే,
టికెట్టు డబ్బులకి గోదారి దాటినంతసేపూ పాఠమే.

ఎక్కాను.
నర్సాపురం రేవులో మోటార్‌సైకిళ్ళు, కొబ్బరి గెలలు,
ఐసు పెట్టెలు, పెళ్ళివాళ్ళ ఇత్తడి బిందెలు, నేను.
సంచిలో టేపు, కాలిపర్సు,
వసుంధరా మేడం సంతకం పెట్టిన ప్రశ్నావళి, ముప్ఫై ప్రతులు.
కాలిపర్సు డెక్కలు చాచిన ఎండ్రకాయలా ఉంటుంది.
తలల్ని కొలుస్తుంది.
ఒకప్పుడు దొరలు దీన్నే పట్టుకు తిరిగి
ఎవరి ముక్కు ఎంత వెడల్పో రాసుకుని
మనుషుల్ని అరల్లో సర్దారని మేడం చెప్పింది.
చెప్పి, ప్రాక్టికల్‌కి పదిహేను మార్కులంది.

సముద్రం వాసన మొదలైన చోట బస్సు ఆగిపోతుంది.
పల్లిపాలెంలో చెక్కపీట మీద సంగాడి నూకరత్నం గారు,
ఒళ్ళో నైలాన్ వల, కాలి బొటనవేలికి దారం.
చిరిగిన మేర అల్లుకుంటూ వస్తోంది.
కొలబద్ద లేదు. రెండు వేళ్ళు పెడితే ఒక కన్ను.
"కవళ్ళకి ఈ కన్ను. పండుగొప్పకి అదిగో, ఆ కన్ను."
వలకి ఉండేదాన్ని కూడా కన్నే అంటామని
పందొమ్మిదేళ్ళుగా వింటూ, అప్పుడే విన్నాను.

చుట్టరికాల పటం గీశాను.
మగవాళ్ళకి త్రికోణం, ఆడవాళ్ళకి సున్నా,
పోయినవాళ్ళ మీద అడ్డగీత.
ఆవిడ చెప్పుకుపోతోంది. మేనరికం, మారుమనువు,
పెంపుడిచ్చిన పిల్ల,
తుఫాను నాడు తిరిగి రాని బోటు.
ఒక్క రాత్రికి నాలుగు త్రికోణాలు కొట్టేశాను.
పెన్సిల్ ముక్కు విరిగింది.
"మా కోడలు సున్నాయా?" తొంగిచూసి నవ్వింది,
"ఇంట్లో లెక్కంతా దానిదేనే అమ్మా!"

మూడో పేజీ అయింది.
నాలుగోది: కులం, ఉపకులం,
ఎవరితో వియ్యం, ఎవరితో కంచం.
ఇరవై రెండిళ్ళలో గడగడా అడిగేశాను,
ఈ ఏడు వాన పడిందా అన్నట్టు.
ఇరవై మూడో ఇంట్లో
ముడి బిగించి, దారం పంటితో కొరికి,
ఆవిడ తలెత్తింది:
"అన్నీ అడిగేవు. ఇంతకీ మీరేవిట్లు తల్లీ?"

మా జిల్లాల్లో ఇంత మెత్తటి ప్రశ్న ఇంకోటి లేదు.
కట్టపరిగె ముల్లు.
గొంతులో దిగాకే ఉన్నట్టు తెలుస్తుంది.

నా పేరు కెజియా. అంతవరకే చెప్పాను.
ఇంటిపేరు చెప్పలేదు, మా పేట చెప్పలేదు,
మా అమ్మ అల్లే లేసు ఏ షావుకారు పేరుతో ఓడెక్కుతుందో చెప్పలేదు.
పేరు వింటేనే తెలిసి ఉంటుంది.
"ఓహో" అంది నూకరత్నం గారు.
ఆ ఓహోని దేంతో కొలవాలో
సిలబస్‌లో లేదు.
లోపలికి కేకేసింది: "టీ పట్రావే!"

టీ వచ్చింది.
ఏ గ్లాసులో వచ్చిందో నేను చూశాను.
నేను చూడటం ఆవిడ చూసింది.
కాసేపు సముద్రం ఒక్కటే మాట్లాడింది.
తర్వాత వల నా వైపు జరిపి
"ఈ కొస పట్టుకో, జారిపోతంది" అంది.
పట్టుకున్నాను. తడి, ఉప్పు, పొలుసు.
ఆవిడ వేళ్ళూ నా వేళ్ళూ
ఒకే కన్నుకి అటూ ఇటూ.
కాలిపర్సు సంచిలోంచి తియ్యలేదు.

ఆఖరి పంటు మీద డైరీ తెరిచాను.
తేదీ. గాలి. పోటు వేళ. ఇళ్ళు ఇరవై మూడు.
అడిగేవాళ్ళకి గడి
ఆ కాగితాల్లో ఎక్కడా లేదు.
మార్జిన్‌లో నేనే ఒకటి గీశాను, చిన్న సున్నా.
దానికింకా ఏ గీతా కలపలేదు.
గ్లాసు సంగతి రాయాలి.

వెనకాల, పెళ్ళివాళ్ళ బిందెల పక్కన
ఎవరో కొత్తాయన్ని పలకరిస్తున్నారు:
ఏ ఊరండీ? ఎవరి తాలూకండీ?
రేవు దగ్గరపడుతోంది.
పెన్సిల్ చెక్కుకుంటున్నాను.