పదకొండో కుక్క

పిల్లను తెస్తానని లెయొనీల్డె ముందురోజు చెప్పలేదు.
చెబితే వద్దంటామని ఆమెకు తెలుసు.
తెల్లారి ఐదున్నరకి, బేకరీ ముందు,
మంచులో మా ఐదు సైకిళ్ళ పక్కన
ఆరోది, నడుమెత్తయినా లేని ఎర్ర సైకిలు,
హ్యాండిల్ చివర్లకి ప్లాస్టిక్ కుచ్చులు.

"చెల్లెలికి రాత్రి డ్యూటీ. ఇంట్లో ఎవరూ లేరు,"
అంది, ఎవరి మొహమూ చూడకుండా టైరు నొక్కి చూసుకుంటూ.
ఎవుదోరో గడియారం కేసి చూసుకున్నాడు.
అతను ఏమీ అనకపోతే తిట్టినట్టే.

పేరు సరాయ్. ఏడేళ్ళు. పై పన్ను ఒకటి లేదు.
బొయాకా కొండలు ఇంకా దుప్పటి తీయలేదు,
బంగాళాదుంప చేలు మాత్రం ఎప్పుడో లేచి
చాళ్ళు చాళ్ళుగా తల దువ్వుకుని కూర్చున్నాయి.

ఇరవై ఏళ్ళుగా ఎక్కుతున్న దారి.
ఎక్కడ ఊపిరి దాచుకోవాలో, ఎక్కడ గేరు మార్చాలో,
ఏ మలుపులో ఎవుదోరో లేచి నిలబడి తొక్కుతాడో
కళ్ళు మూసుకుని చెప్పగలను.
కళ్ళు మూసుకునే ఎక్కానేమో.

మొదటి కిలోమీటరు రాయి దగ్గరే ఆగింది పిల్ల.
రోడ్డు దాటుతున్న నత్త.
అది అవతలికి చేరేదాకా ఆరుగురం కాపలా.
వెనక పాల లారీ అతను హారన్ కొట్టి, దిగొచ్చి, సంగతి చూసి,
ఇంజన్ ఆపేసి సిగరెట్ వెలిగించాడు.

తరవాత కుక్కలు.
గడపకొకటి. ప్రతిదానికీ మా పిక్కల మీదే కన్ను.
మేమైతే బూతులు తిడుతూ కాళ్ళు పైకెత్తి పారిపోయేవాళ్ళం.
ఆమె లెక్కపెట్టింది.
"నాలుగు! దీనికి ఒక చెవే నలుపు."

ఏడో కుక్క దాటాక దారి నిలువైంది.
ఎర్ర సైకిలు రోడ్డంతా పాములా తిరిగి ఆగింది. చైను ఊడింది.
నేను దిగేలోపే ఎవుదోరో తారు మీద మోకాళ్ళూని
ఒక్కో పన్నుకే చైను తగిలిస్తున్నాడు.
"చూశావా, నీకు లేనివన్నీ దీనికున్నాయి."
ఆమె నోరు మూసుకుని, ముక్కుతో నవ్వింది.

వీపు మీద చెయ్యేసి నెట్టబోతే
"నేనే" అంది.
ఆ ఒక్క మాటతో మా అందరి వేగం నడక వేగమైంది.
కాదు, అంతకన్నా తక్కువే.
గొర్రెలు మమ్మల్ని దాటిపోయాయి.
వాటిని తోలుకెళ్ళే ముసలమ్మ రువానా అంచు భుజానికెత్తి
"దేవుడున్నాడు నాయనా" అని జాలిపడి మరీ దాటిపోయింది.

పైన కొట్లో వేడి బెల్లం నీళ్ళు, అందులో చీజు ముక్క.
అది కరిగి తీగలా సాగుతుంటే
ఆ తీగ తెగకుండా ఎంత దూరం నడవొచ్చో
బల్ల నుంచి గుమ్మం దాకా కొలిచింది సరాయ్.

దిగుడు గురించి చెప్పాలి.
ఇన్నేళ్ళూ ఆ దిగుడు మాకు వట్టి గాలి.
చెవుల్లో హోరు, కళ్ళల్లో నీళ్ళు, పద్నాలుగు నిమిషాలు.
ఎవుదోరోకి ఒకసారి పన్నెండున్నర. ఆ అర గురించి ఇప్పటికీ చెబుతాడు.
ఇవాళ ముందు ఆమె, రెండు బ్రేకులూ బిగబట్టి.
వెనక మేము, రెండు బ్రేకులూ బిగబట్టి,
కాలిన రబ్బరు వాసనతో, ఊరేగింపులా.

అప్పుడు కనిపించింది
మలుపులో నీలం తలుపు ఇల్లు,
తలుపు మీద సుద్దతో "గుడ్లు ఉన్నాయి",
ఎవరో అని చూడ్డానికి బయటికొచ్చిన పంది.
నా టైర్ల చప్పుడనుకుంటూ వచ్చింది
ఏరు. రోడ్డు పక్కనే. ఎప్పట్నించో.

"పదకొండు," అంది ఊళ్ళోకొచ్చాక.
"పది. చివరిది మేక," అన్నాడు ఎవుదోరో.
"మొరిగింది."
"దగ్గింది."

బేకరీ మూసే వేళ దాకా తేలలేదు.
వచ్చే ఆదివారం వెళ్ళి చూసొద్దామని
వాళ్ళిద్దరే అనేసుకున్నారు.
మమ్మల్నెవరూ అడగలేదు.