మూడోసారి

వేలాన్ని మా వూళ్ళో పాట అంటారు.
రాగం ఉండదు. తాళం మట్టుకు నాదే.
పొదిలి బస్టాండు ఎదర పద్నాలుగు గదుల కాంప్లెక్సు,
మూడేళ్ళకోసారి, టెంటు కింద నిలబడి
ఒకటోసారి, రెండోసారి, మూడోసారి
అనేవాణ్ణి. జీతంలో అదొక పని.

అసలు పాట ముందురోజు రాత్రే అయిపోద్ది,
దర్శి రోడ్డు లాడ్జీలో, తలుపేసుకుని.
ఎవరికి ఏ గది, ఎంతకి,
ఎవరు ఒక్క వంద పెంచి ఊరుకోవాల,
ఊరుకున్నందుకు ఎంత ముడుతుంది.
తెల్లారి మేం కుర్చీలేసి, ధరావతు రసీదులు రాసి
దానికి మర్యాద చేస్తాం.
పొగాకు బోర్డులో కనుబొమ్మ ఎగరేస్తే బేలు ధర మారుద్ది.
మా దగ్గర కనుబొమ్మ కూడా కదలదు.

ఏడో నంబరు ఎస్సీ రిజర్వుడు.
కాయితం మీద పాలేపోగు ప్రసంగిది.
పేరుకే ప్రసంగి, నోరు తెరవడు.
ఛైర్మన్ బామ్మర్ది కారు తోల్తాడు.
గదిలో బామ్మర్ది బేకరీ,
అద్దాల వెనక గులాబీ రంగు కేకులు,
లైసెన్సు కాయితం మీద ప్రసంగి పేరు
చీమ తలకాయంత అక్షరాల్లో.
తన పేరున్న కొట్లో ప్రసంగి
డబ్బులిచ్చే టీ తాగుతాడు. నేను చూశా.

ఈసారి ఊరు పెరుగుద్దన్నారు.
నాలుగు వరసల రోడ్డంట, సెల్లు షోరూములంట,
మండీ బిర్యానీ అంట.
ఆ అంటల మధ్యలోకి దారా ఎస్తేరు వచ్చింది.
మోటారు వైండింగు. నాయన చేసిన పని,
పెట్రోలు బంకు గోడవార, పట్టా కింద.
వేళ్ళకి వార్నీషు, జడలో చిన్న రాగి తీగ ముక్క.
డీడీ తెచ్చి బల్ల మీద పెట్టింది.
"రసీదు ఇవ్వు బాబాయ్."
బామ్మర్ది నవ్వాడు. టెంటు నవ్వింది.
ప్రసంగి నవ్వలా.

నెలకి నాలుగు వేల రెండొందలు, అన్నాడు ప్రసంగి.
రాత్రి నేర్పిన అంకె.
నాలుగున్నర, అంది ఎస్తేరు.
ఐదు.
ఐదున్నర.
బామ్మర్ది వేళ్ళు చూపించాడు. ప్రసంగి చదివాడు, ఆరు.
ఎస్తేరు తలొంచుకుని నోట్లోనే లెక్కేసుకుంటా ఉంది,
నెలకెన్ని మోటార్లు కాలతాయో, ఎన్ని కిలోల తీగో.
ఒకటోసారి, అన్నా.
రెండోసారి, అన్నా.
కమిషనరు నా వంక చూశాడు, కానియ్యమని.
మూడో మాట ఎప్పుడూ మాత్ర మింగినట్టు అనేస్తా.
అప్పుడు నాకు దగ్గొచ్చింది.
ఆ దగ్గులోంచి
ఆరు వేల వంద లేచింది.

బామ్మర్ది వేళ్ళు ఆడిస్తానే ఉన్నాడు, ఏడు, ఎనిమిది.
ప్రసంగి జేబులో పెన్ను వెతుక్కుంటున్నాడు.
ఎంతసేపటికీ దొరకలా.
ఆ జేబులో పెన్ను లేదు.

మూడోసారి.

నన్ను జనన మరణాల సెక్షన్‌కి వేశారు.
"ఏం దగ్గయ్యా అది?" అని ముగ్గురడిగారు, విడివిడిగా.
ప్రసంగి కారు తాళాలిచ్చేశాడు.
ఇప్పుడు ఆటో, అదీ ఫైనాన్సు మీద.
బేకరీ పక్క గదికి జరిగింది, ఈగలతో సహా.
ఏడో గదికి నాలుగు నెల్లు కరెంటు మీటరు రాలా.
వాకిట్లో డ్రైనేజీకని తవ్వి అట్నే వదిలేశారు.
ఆ పిల్ల పాత తలుపొకటి కొనుక్కొచ్చి
గుంట మీద అడ్డంగా పడేసింది.
రైతులు మోటార్లు భుజానేసుకుని
తలుపు మీదుగా లోపలికి పోతున్నారు.

మొన్న మా ఇంటిది కాలితే నేనూ పోయా.
విప్పి, వాసన చూసి, ధర చెప్పింది.
రూపాయి తగ్గించలా.
తీగ చుడతా, తలెత్తకుండా,
"దగ్గు తగ్గిందా బాబాయ్?" అంది.
ఏం చెప్పాలో తెలీక
రసీదు ఇమ్మన్నా.

మోటారు బాగానే తిరుగుతుంది.
బోర్లోనే నీళ్ళు లేవు.
తొమ్మిదొందల అడుగులు దించాం.
ఇంకా దించాలంట.